రిటైర్ అయ్యేవాళ్లకు తెలిసింది యూనివర్సిటీ లైబ్రరీలో ఎలా నిలుపుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం లైబ్రరీలో మీరు అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా చేరి ఎనిమిది నెలలైంది. ఏడాదిన్నర లోపల నలుగురు సీనియర్లు రిటైర్ అవుతున్నారు: కేటలాగింగ్ (పుస్తకాలను జాబితాకు ఎక్కించే పని) చూసే మేడమ్, పీరియాడికల్స్ (పత్రికలు, జర్నళ్లు) సూపరింటెండెంట్ గారు, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే సర్క్యులేషన్ కౌంటర్‌లో ఒకరు, ముప్ఫై ఏళ్లుగా స్టాక్ రూమ్‌లోనే ఉన్న అటెండర్ గారు. వాళ్లకు తెలిసిందంతా వాళ్లతోనే పోతుందని మీ టెన్షన్. పైవాళ్లేమో "నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కి (సిబ్బందికి తెలిసింది దాచిపెట్టే ఏర్పాటుకు) ప్రపోజల్ పెట్టండి" అన్నారు. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి, పని ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సాఫ్ట్‌వేర్ ఇప్పుడు వద్దండి. ముందు ఆ నలుగురి పక్కన కూర్చోవడానికి వారానికి రెండు గంటలు మీకు డ్యూటీ కింద రాయించుకోండి. రిఫరెన్స్ డెస్క్ మీద ఒక ప్రశ్నల పుస్తకం పెట్టండి. సెక్షన్‌కి ఒక ఫైలు తెరవండి, తెలుగులో. ఎవరు చెప్పిన విషయమో పక్కన వాళ్ల పేరు తప్పకుండా రాయండి. ఈ నాలుగూ ఆరు నెలలు నడిస్తే తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా పనిచేస్తుంది. ఇవి నడవని చోట ఎన్ని లక్షలు పోసినా అది ఖాళీగానే ఉంటుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను రెండు విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాను. కేటలాగు కార్డులు టైపు చేయడంతో మొదలై డిప్యూటీ లైబ్రేరియన్‌గా రిటైరయ్యాను. మధ్యలో ఒకసారి, అచ్చం మీరు అనుకుంటున్నట్టే, మా సిబ్బంది కోసం ఒక వికీ, అంటే అందరూ రాసి దిద్దుకోగల వెబ్‌సైట్, పెట్టాం. సర్వర్ ఉంది, రెండు రోజుల శిక్షణ ఇచ్చాం, సర్క్యులర్ వేశాం. ఏడాది తిరిగేసరికి అందులో పద్నాలుగు పేజీలు. పదకొండు నేనూ, కంప్యూటర్ సెక్షన్ కుర్రాడూ రాసినవి. మిగతా మూడూ సెలవుల జాబితాలు.

ఎందుకు రాయలేదని ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. తీరిక లేదన్నారు, కంప్యూటర్ రాదన్నారు. సర్క్యులేషన్‌లో పనిచేసే ఒకావిడ మాత్రం ఉన్నమాట చెప్పింది. "సార్, నాకు తెలిసిందంతా రాసిచ్చేస్తే రేపు నన్ను తీసి హాస్టల్ ఆఫీసులో వెయ్యరని గ్యారంటీ ఏంటి? ఇక్కడ నన్ను ఉంచుతున్నది అదే కదా."

ఆ రోజు నుంచి ఈ విషయాన్ని నేను చూసే తీరు మారిపోయింది. నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అంటే సమాచారాన్ని ఒకచోట పోగేయడం అనుకుంటాం. కానీ కింది స్థాయి ఉద్యోగికి తన పని ఆనుపానులు తెలిసి ఉండటమే ఆసరా. దాన్ని బయటపెడితే తనకు నష్టం రాదనీ, పైగా గౌరవం వస్తుందనీ నమ్మకం కలిగేదాకా ఎవరూ చెప్పరు. చెప్పినవాళ్లకు నష్టం రాకుండా చూడటమే మీ మొదటి పని. మిగతా ఏర్పాట్లన్నీ దాని తర్వాతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఒక రీసెర్చ్ స్కాలర్ అమ్మాయి 1950ల నాటి ఒక తెలుగు వారపత్రిక బైండు సంపుటాల కోసం వచ్చింది. కేటలాగులో ఉన్నాయి, వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే అక్సెషన్ రిజిస్టర్‌లో ఉన్నాయి, అరలో లేవు. ముగ్గురం రెండు రోజులు వెతికాం. ఇక 'మిస్సింగ్' అని రాసేద్దామనుకుంటుండగా, మూడు నెలల కిందట రిటైరై ఊరికి వెళ్లిపోయిన స్టాక్ అటెండర్ గారికి ఫోన్ చేశాను. పొలంలో ఉన్నారు, వెనకాల మోటారు చప్పుడు వినిపిస్తోంది. "అయ్యి పెద్ద సైజువి సార్, నిలబెడితే కుట్టు తెగుద్దని పడుకోబెట్టా. ఉత్తరం కిటికీలోంచి జల్లు కొడుతోందని అక్కణ్ణుంచి తీసి మెట్ల కింద బీరువా పక్కన, అట్లాసుల అడుగున పెట్టా. పైన గోధుమరంగు అట్ట కప్పి ఉంటది" అన్నారు.

పది నిమిషాల్లో దొరికాయి. ఆరు సంపుటాలు, ఒక్కదానికీ చెమ్మ తగల్లేదు, మధ్యమధ్య ఎండిన వేపాకు. ఆ అమ్మాయి అక్కడే నేలమీద కూర్చుని మొదటి సంపుటం తెరిచింది.

ఆయన చేసింది మంచి పని. జల్లు, కుట్టు, సైజు మూడూ ఆలోచించి వాటిని కాపాడారు. కాకపోతే అవి ఎక్కడికి మారాయో రాయడానికి ఆయనకు మేమెవరం ఒక నోటు పుస్తకం ఇవ్వలేదు, ఇన్నేళ్లలో ఒక్కసారి అడగనూ లేదు. ఆ తప్పు పూర్తిగా మాది. ఆ వారమే స్టాక్ రూమ్ గుమ్మం దగ్గర ఒక లాంగ్ సైజు నోటు పుస్తకం దారం కట్టి వేలాడదీశాం. తేదీ, కాల్ నంబరు (అరలో పుస్తకం చోటు చెప్పే నంబరు), ఎక్కణ్ణుంచి, ఎక్కడికి, ఎందుకు. ఆ చివరి గడి చాలా ముఖ్యం. ఎందుకు మార్చారో లేకపోతే తర్వాత వచ్చినవాళ్లు సర్దుతున్నామనుకుని మళ్లీ కిటికీ పక్కనే పెడతారు.

కేటలాగింగ్ మేడమ్ దగ్గర ఉండేది ఇంకో రకం. పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827 అని ఎవరైనా చెప్తారు. అది ఆవిడను అడగక్కర్లేదు. కానీ మీ లైబ్రరీలో శ్రీశ్రీ పుస్తకాలు ఏ పేరు కింద ఉన్నాయి? శ్రీశ్రీ అనా, శ్రీరంగం శ్రీనివాసరావు అనా, శ్రీనివాసరావు తర్వాత కామా పెట్టి శ్రీరంగం అనా? ఇంటిపేరు ముందు వచ్చే మన పేర్లతో ప్రతి లైబ్రరీ ఎప్పుడో ఒకప్పుడు ఒక నిర్ణయానికి వచ్చి ఉంటుంది. కార్డుల కాలంలో ఒకలా, కంప్యూటర్ వచ్చాక ఇంకోలా మారి ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు 'విశ్వ'లో ఎస్ ఒక్కటేనా, పక్కన హెచ్ ఉందా, తర్వాత డబ్ల్యూనా, వీనా? ఒకే రచయిత పుస్తకాలు మూడు పేర్ల కింద మూడు చోట్ల పడి ఉంటే, పాఠకుడు ఒకచోట వెతికి లేదనుకుని వెళ్లిపోతాడు. పుస్తకం ఉండి కూడా లేనట్టే.

ఈ నిర్ణయాలు ఎక్కడా రాసి ఉండవు. ఆవిడకు చేతి అలవాటుగా ఉంటాయి. ఏ ఏడాది ముందు పుస్తకాలకు పాత పద్ధతి, ఏ ప్రొఫెసర్ విరాళంగా ఇచ్చిన పుస్తకాలకు విడి నంబర్లు, స్థానిక చరిత్ర పుస్తకాలను ఎందుకు విడిగా పెట్టారు, ఇవన్నీ అంతే.

అలాంటిది పోతే ఏమవుతుందో మా దగ్గర చూశాను. పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి డేటా మార్చినప్పుడు, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ అక్షరాలు రాకముందు, ఫాంటుకో తీరుగా ఎక్కించిన తెలుగు రికార్డులన్నీ పిచ్చి గీతలైపోయాయి. ఏ ఏడాది ఏ ఫాంటు వాడారో తెలిసింది ఒక్క డేటా ఎంట్రీ ఆపరేటర్‌కే. ఆమె అప్పటికే ఉద్యోగం మానేసి వేరే ఊళ్లో టీచర్‌గా చేరింది. ఎలాగో నంబరు సంపాదించి అడిగితే, ఫలానా ఎండాకాలం దాకా ఒక ఫాంటు, ఆ తర్వాత ఇంకోటి అని గుర్తుచేసుకుని చెప్పింది. అప్పుడు ఆ రికార్డులను రెండు ముక్కలుగా విడదీసి మార్చుకుంటే చాలావరకు తిరిగొచ్చాయి. ఆమె ఫోన్ ఎత్తకపోయి ఉంటే, కొన్ని వేల పుస్తకాలను మళ్లీ అరల్లోంచి తీసి ఒక్కొక్కటీ ఎక్కించాల్సి వచ్చేది.

కాబట్టి కేటలాగింగ్ సెక్షన్‌కి మీరు పెట్టాల్సింది మాన్యువల్ కాదు, నిర్ణయాల ఫైలు. ఒక్కో నిర్ణయానికి నాలుగు ముక్కలు: ఏం చేస్తాం, ఎప్పటినుంచి, ఎందుకు, ఎక్కడ మినహాయింపు. మేడమ్ పక్కన కూర్చుని ఆవిడ రోజువారీ పని చేస్తుండగా చూడండి. ఆవిడ చెయ్యి ఎక్కడ ఒక్క క్షణం ఆగుతుందో అక్కడ "ఏం ఆలోచిస్తున్నారు మేడమ్?" అని అడగండి. రాయదగ్గది అక్కడే దొరుకుతుంది.

మీరు లైబ్రరీ సైన్స్ పీజీలో చదివే ఉంటారు: పొలానీ చెప్పిన ట్యాసిట్ నాలెడ్జ్ (చేతిలో ఉండి మాటల్లో పెట్టలేని తెలివి), అది ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా చేరుతుందో చూపిస్తూ నొనాకా, తకెయుచి 1995లో పుస్తకంగా తెచ్చిన నాలుగు గళ్ల నమూనా. పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటాం. వాళ్లు ఇచ్చిన ఉదాహరణ మాత్రం గుర్తుంచుకోదగ్గది. జపాన్‌లో మత్సుషిత కంపెనీ ఇంట్లో బ్రెడ్ చేసుకునే యంత్రం తయారు చేస్తుంటే పిండి సరిగా కలిసేది కాదు. ఎన్ని కొలతలు తీసినా ఎందుకో తెలియలేదు. చివరికి ఆ కంపెనీ ఉద్యోగిని ఒకామె ఒసాకాలో పేరున్న హోటల్ బ్రెడ్ మాస్టర్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరింది. ఆయన పిండిని లాగడమే కాదు, లాగుతూ మెలి తిప్పుతున్నాడని ఆమె గమనించింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, తాను అలా చేస్తున్నట్టు ఆయనకే పట్టలేదు.

ఆ నమూనాలో మొదటి గడి పక్కన ఉండి చూసి నేర్చుకోవడం. రెండోది మాటల్లో పెట్టడం. మన లైబ్రరీల్లో మొదటిది దాటేసి, రిటైర్మెంట్‌కి వారం ముందు "మీకు తెలిసింది రాసివ్వండి" అని రెండోదానికి దూకుతాం. ఆ పెద్దాయన రెండు పేజీలు రాసిస్తారు, అందులో ఉండేది అందరికీ తెలిసిందే. తప్పు ఆయనది కాదు.

పక్కన కూర్చున్నప్పుడు ఏం అడగాలి అన్నది నాకు చాలాకాలానికి తెలిసింది. "మీ పని గురించి చెప్పండి" అంటే ఎవరూ చెప్పలేరు. నేను అడిగేవి ఇవి: ఏం జరిగితే అందరూ మిమ్మల్నే పిలుస్తారు? ఏడాదికి ఒక్కసారే వచ్చే పని ఏది? మీరు చేరిన కొత్తలో చేసిన పెద్ద పొరపాటు ఏమిటి, అది ఇప్పుడు ఎలా తప్పిస్తారు? యూనివర్సిటీ ఆఫీసులో ఏ పనికి ఎవరి దగ్గరికి వెళ్తారు? ఈ సెక్షన్‌లో అందరూ చేస్తున్నా మీకు తప్పనిపించే పని ఏదైనా ఉందా? చివరి ప్రశ్న మూడో, నాలుగో సారి కూర్చున్నప్పుడు అడగండి. మొదటిరోజే అడిగితే ఫిర్యాదు రాయించుకుంటున్నారనుకుంటారు.

కుర్చీలో కూర్చోబెట్టి అడగడం కంటే వాళ్లతో స్టాక్ రూమ్‌లో నడవడం మేలు. అరల మధ్య నడుస్తుంటే ఒక్కో పుస్తకం ఒక్కో సంగతి గుర్తుచేస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు, కానీ ముందు అడిగి, వాళ్లు సరేనంటేనే. తర్వాత మీరు రాసింది వాళ్లకు చదివి వినిపించండి. వినిపిస్తున్నప్పుడు "అది కాదండీ, అలా ఎప్పుడంటే..." అని మళ్లీ మొదలుపెడతారు. అసలు సరుకు చాలాసార్లు ఆ రెండో విడతలోనే వస్తుంది.

భాష సంగతి కూడా ఇక్కడే. ఇవన్నీ ఇంగ్లీషులో ఉండాలని పట్టుబట్టకండి. మా వికీ ఖాళీగా ఉండటానికి అదీ ఒక కారణమని తర్వాత తెలిసింది. ఇంగ్లీషులో తప్పు రాస్తే నలుగురిలో చిన్నతనం అవుతుందని రాయనివాళ్లు సగం మంది. తెలుగులో, వాళ్లు మాట్లాడినట్టే, ఉండనివ్వండి. టైపు చేయలేనివాళ్లు ఫోన్‌లో తెలుగులో చెప్తే అదే అక్షరాలుగా పడుతుంది కదా ఇప్పుడు. తప్పులు మీరు దిద్దుకోవచ్చు. కమిటీకి చూపించాల్సి వస్తే ఇంగ్లీషులో రెండు పేజీలు విడిగా రాసుకోండి.

పీరియాడికల్స్ సూపరింటెండెంట్ గారి విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (దేశమంతటికీ కలిపి కేంద్రమే చందా కట్టే పథకం) వచ్చాక, ముప్ఫై మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ సంస్థలకు కేంద్రం ద్వారానే అందుతున్నాయి. దాంతో చాలా లైబ్రరీల్లో "ఇక పాత చందాల ఫైళ్లతో పనేముంది" అనే ఆలోచన వచ్చింది. పని ఉంది. గతంలో మీ లైబ్రరీ సొంత డబ్బుతో తీసుకున్న ఆన్‌లైన్ జర్నళ్లలో, చందా ఆపేశాక కూడా ఆ ఏళ్ల సంచికలు చూసే హక్కు ఏవేవాటికి ఉందో ఆ పాత ఇన్‌వాయిస్‌లలో, ఒప్పంద పత్రాల్లో ఉంటుంది. ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో ఆయనకే తెలిసి ఉంటుంది. ముద్రణ జర్నళ్లలో ఏ ఏడాది దాకా వచ్చాయి, ఏ సంచిక బైండింగ్‌కు వెళ్లి తిరిగి రాలేదు అన్నది కూడా ఆయన దగ్గరే రాయించుకోండి.

ఇంకొకటి, చాలా చిన్నదిగా కనిపిస్తుంది కానీ బాగా ఇబ్బంది పెడుతుంది. ప్రచురణకర్తల వెబ్‌సైట్లలో మీ లైబ్రరీ అడ్మిన్ ఖాతా ఎవరి పేరు మీద ఉంది? ఒకసారి మా క్యాంపస్‌లో ఒక పెద్ద డేటాబేస్ తెరుచుకోవడం మానేసింది. మా క్యాంపస్‌ను ఆ వెబ్‌సైట్ గుర్తుపట్టే ఐపీ అడ్రస్‌లు మారాయి, కొత్తవి నమోదు చేయాలి. లాగిన్ అవుదామంటే ఓటీపీ వెళ్తున్నది రెండేళ్ల కిందట రిటైరైన ఆయన సొంత ఫోన్‌కి. ఆయన కూతురి దగ్గరికి అమెరికా వెళ్లి, ఆ నంబరు వదిలేశారు. పరిశోధక విద్యార్థులు సినాప్సిస్‌లు ఇచ్చే సమయంలో పదకొండు రోజులు ఆ డేటాబేస్ లేకుండా గడిచింది. ఖాతాలన్నీ లైబ్రరీ అధికారిక ఈమెయిల్‌కి, ఆఫీసు మొబైల్‌కి మార్పించండి. ఈ పని ఈ వారమే చేయండి, దీనికి ప్రపోజల్ అక్కర్లేదు. పాస్‌వర్డులు మాత్రం అందరూ చూసే ఫైల్లో పెట్టవద్దు. సీల్డ్ కవర్‌లో లైబ్రేరియన్ దగ్గర ఉంచి, మనిషి మారినప్పుడల్లా మార్చాలి.

రాసి ఉన్నది కూడా పోతుందని చెప్పడానికి ఒక ఉదాహరణ. స్టాక్ వెరిఫికేషన్‌లో (పుస్తకాలు లెక్కచూసేటప్పుడు) పుస్తకాలు తగ్గితే జీతంలోంచి కట్టాల్సి వస్తుందనే భయంతో, కొత్తగా వచ్చిన మా సహోద్యోగి ఒకరు విద్యార్థులే అరల్లోంచి పుస్తకాలు తీసుకునే (ఓపెన్ యాక్సెస్) రెండు హాళ్లకు తాళం వేయించారు. విద్యార్థులు స్లిప్పు రాసిస్తే పుస్తకం తెచ్చివ్వాలి. రిటైర్మెంట్‌కు దగ్గర్లో ఉన్న సూపరింటెండెంట్ గారు అది చూసి బీరువాలోంచి ఒక పాత ఫైలు తీసి రూల్ చూపించారు. కేంద్రం జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోది. ఇప్పటి 2017 రూల్స్‌లో అది 215వది. 50,000 పుస్తకాలు దాటిన లైబ్రరీలో మూడేళ్లకు మించి గడవకుండా ఒకసారి, కొన్ని పుస్తకాలనే చూసే శాంపిల్ వెరిఫికేషన్ చేస్తే చాలు, అందులో అసాధారణంగా తగ్గినట్టు తేలితేనే మొత్తం లెక్కపెట్టాలి. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన, లైబ్రరీలోనే వాళ్లు చూసిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోవడం సహజంగానే తీసుకోవచ్చు, మోసమో నిర్లక్ష్యమో కానంతవరకు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం గానీ, ఖరీదుతో పనిలేకుండా అరుదైన పుస్తకం గానీ పోతే మాత్రం విచారణ తప్పదు. ఇది కేంద్ర సంస్థల రూలు. మీ యూనివర్సిటీ దేన్ని పాటిస్తుందో ఫైనాన్స్ ఆఫీసర్ దగ్గర రాతపూర్వకంగా తెలుసుకోండి.

తాళాలు తీశారు. ఆ కాగితం అన్నాళ్లూ మా బిల్డింగ్‌లోనే ఉంది. అది ఉందని, ఈ సందర్భానికి అది పనికొస్తుందని తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన ఇంకో నాలుగు నెలల్లో వెళ్లిపోయేవారు.

ఇక ప్రశ్నల పుస్తకం. మాకు అన్నిటికంటే బాగా పనిచేసింది ఇదే. రిఫరెన్స్ డెస్క్ మీద ఒక రూళ్ల రిజిస్టర్. పాఠకుడు ఏమడిగాడు, మాట్లాడాక తేలిన అసలు అవసరం ఏమిటి, ఎక్కడ దొరికింది, ఎవరు చెప్పారు. పాఠకుల పేర్లు రాయకూడదు. ఎవరు ఏం చదువుతున్నారో మనం రికార్డు పెట్టకూడదు. రెండో గడి చూడండి: ఒకబ్బాయి "పాత గెజిట్ కావాలి" అన్నాడు. మాట్లాడితే వాళ్ల తాలూకా పాత సరిహద్దులు కావాలి. గెజిట్ వెతుకుతూ కూర్చుంటే వారం పట్టేది. జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్‌లో మ్యాపుతో సహా ఉంటుందని స్టాక్ అటెండర్ చెప్పారు. రిజిస్టర్‌లో నాలుగో గడిలో ఆయన పేరు రాశాం. ఆ పేజీ ఫొటో తీసుకుని ఆయన ఇంట్లో చూపించుకున్నారని తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఆయన్ని అడగాల్సిన పనిలేకుండా పోయింది, ఆయనే వచ్చి రాయించేవారు.

శనివారం సాయంత్రం అరగంట, టీ తాగుతూ ఆ వారం రాసినవాటిలో మూడు చదువుకునేవాళ్లం. హాజరు తీసుకోలేదు, మినిట్స్ రాయలేదు. అటెండర్ నుంచి లైబ్రేరియన్ దాకా ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలన్నది ఒక్కటే నియమం. మొదట్లో అటెండర్లు నిలబడే ఉండేవాళ్లు. వాళ్లు కూర్చోవడానికి ఆరు వారాలు పట్టింది.

వాట్సాప్ గ్రూపు ఉంది కదా అంటారేమో. ఉండనివ్వండి, అప్పటికప్పుడు అడగడానికి అంతకంటే సులువైనది లేదు. కానీ గుడ్ మార్నింగ్ ఫొటోల కింద మంచి సమాధానం మూడు రోజుల్లో మునిగిపోతుంది. వంతులవారీగా ఒకరు వారానికోసారి పనికొచ్చేవి తీసి సెక్షన్ ఫైల్లో వేయాలి. ఆ వంతు వేయకపోతే గ్రూపును లెక్కలోకి తీసుకోకండి.

నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం కూడా చెప్పాలి. మేం పనిచేసిన ఒకచోట అవుట్‌సోర్సింగ్‌లో ఉన్న ఒక కుర్రాడు థీసిస్‌లను డిజిటల్ చేసి, దేశంలోని థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో ఎక్కించే పని మొత్తం నేర్చుకున్నాడు. ఫైళ్లు ఎలా విడగొట్టాలి, ఏ శాఖ నుంచి వచ్చే సీడీల్లో ఏ లోపం ఉంటుంది, అన్నీ అడుగు అడుగునా స్క్రీన్ ఫొటోలతో నలభై పేజీలు రాశాడు. నేనే రాయమన్నాను. ఒక సీనియర్ అధికారి ఆ నలభై పేజీల మీద తన పేరు వేసుకుని ఒక సెమినార్‌లో ఇచ్చారు. ఆర్నెల్ల తర్వాత ఏజెన్సీ మారినప్పుడు కుర్రాడి పేరు జాబితాలో లేదు. "మాన్యువల్ ఉంది కదా" అన్నారు. నేను అభ్యంతరం చెప్పాను, రాతపూర్వకంగా కూడా ఇచ్చాను, ఫలితం లేకపోయింది. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆ లైబ్రరీలో కాంట్రాక్టు ఉద్యోగులెవరూ ఒక్క ముక్క రాయలేదు. రాయకపోవడమే సబబు.

అందుకే ప్రపోజల్‌లో మీరు పెట్టాల్సిన మొదటి అంశం ఇది: ప్రతి నోట్ మీద రాసినవారి పేరు, తేదీ ఉంటాయి, దిద్దినవాళ్ల పేరు కింద చేరుతుందే తప్ప మొదటి పేరు చెరగదు. అవుట్‌సోర్సింగ్ వాళ్లకు అనుభవ ధ్రువపత్రంలో ఆ పనిని పేర్కొనాలి. రిన్యువల్ సమయంలో దాన్ని వాళ్లకు అనుకూలంగా లెక్కలోకి తీసుకోవాలని లైబ్రేరియన్ చేత రాయించండి. ఇవి లేకుండా వాళ్లను రాయమని అడగవద్దు. మీకు వాళ్ల ఉద్యోగం కాపాడే అధికారం లేదని నాకు తెలుసు. కనీసం వాళ్లు రాసిన కాగితమే వాళ్ల మీదికి రాకుండా చూడండి.

పాతదంతా నిలబెట్టాల్సిందే అని కూడా అనుకోకండి. కొత్తగా వచ్చిన పుస్తకాలను కొందరు ప్రొఫెసర్ల కోసం బీరువాలో దాచి ఉంచడం ఒకచోట పెద్ద 'పని కిటుకు'గా చెలామణి అయ్యేది. ఏ విద్యార్థికి నో డ్యూస్ (లైబ్రరీకి బాకీ లేదనే కాగితం) ఆలస్యం చేయాలో తెలిసి ఉండటం ఇంకో కిటుకు. అలాంటివి రిటైర్ అయ్యేవాళ్లతోనే వెళ్లిపోనివ్వండి. పాఠకుడి సమయం కాపాడమని మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే తన అయిదు సూత్రాల్లో నాలుగోదిగా చెప్పారు. ఏది రాసుకోవాలి, ఏది వదిలేయాలి అన్నదానికి నేను అదే కొలబద్దగా పెట్టుకున్నాను.

సాఫ్ట్‌వేర్ విషయం, మీరు అడిగారు కాబట్టి. ఆరు నెలల తర్వాత కూడా ముందు మీ దగ్గర ఉన్నదే వాడండి. యూనివర్సిటీ ఈమెయిల్‌తో వచ్చే షేర్డ్ డ్రైవ్ చాలు, సెక్షన్‌కి ఒక డాక్యుమెంట్, అందరికీ దిద్దే హక్కు. డిజిటల్ పత్రాలు దాచే సాఫ్ట్‌వేర్ డీస్పేస్ ఉంటే దాన్ని థీసిస్‌లకు, అరుదైన పుస్తకాలకు వదిలేయండి. రోజూ మారే నోట్సుకు అది కుదరదు. లైబ్రరీ పనులు నడపడానికి కోహా వాడుతున్నట్టయితే దాని మాన్యువల్ ఒకసారి చూడండి. 1999లో న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రజా గ్రంథాలయం అవసరం కోసం మొదలైన సాఫ్ట్‌వేర్ అది. వాడేవాళ్లే దాని మాన్యువల్ రాసుకుంటూ, వెర్షన్ మారినప్పుడల్లా దిద్దుకుంటూ వస్తున్నారు. మీ సెక్షన్ ఫైళ్లు కూడా అలా నడవాలి. ఆరు నెలలుగా ఎవరూ ముట్టుకోని పేజీ ఉంటే, దాని పైన "సరిచూడాలి" అని రాసి శనివారం బల్ల మీద పెట్టండి.

నలుగురిలో ఎవరితో మొదలుపెట్టాలి అంటే, రిటైర్మెంట్ తేదీల వరసలో వెళ్లకండి. మేడమ్ పనిలో కొంత డేటాబేస్‌లో ఉంటుంది, సూపరింటెండెంట్ గారి పనిలో కొంత ఫైళ్లలో ఉంటుంది, కౌంటర్ పని రోజూ నలుగురు చూస్తూనే ఉంటారు. స్టాక్ అటెండర్ గారిది మాత్రం ఎక్కడా లేదు. ఆయన అందరికంటే ఆఖర్న వెళ్తున్నా సరే, ఆయనతోనే మొదలుపెట్టండి. సోమవారం పొద్దున లైబ్రరీ తెరిచాక మొదటి గంట రద్దీ ఉండదు. నోటు పుస్తకం తీసుకుని ఆయనతో పాటు కింది అంతస్తు నుంచి నడవండి. పెద్ద సైజు పుస్తకాలు ఎక్కడ పడుకోబెట్టారో ముందు అడగండి.